డాబా మీద పాతికేళ్ళు: సోలార్ కేబుల్ ఎలా ముదురుతుంది

ఇంటి పైన సోలార్ పెట్టించుకునేటప్పుడు మాటలన్నీ ప్యానెళ్ళ చుట్టూనే తిరుగుతాయి. ఏ కంపెనీవి, ఒక్కొక్కటి ఎన్ని వాట్లు, వారంటీ ఎన్నేళ్ళు, సబ్సిడీ ఎప్పుడు పడుతుంది అని అడుగుతారు. ఆ తర్వాత ఇన్వర్టర్ సంగతి వస్తుంది. ఆ రెంటి మధ్య కరెంటును మోసుకొచ్చే తీగ గురించి అడిగేవారు అరుదు. చిటికెన వేలి మందం కూడా ఉండని ఆ నల్ల తీగ, కొటేషన్‌లో ‘ఇతర సామగ్రి’ అన్న వరుసలో కలిసిపోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళను లక్ష్యంగా పెట్టుకుంది. 3 కిలోవాట్ల వ్యవస్థకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. ఆ లక్ష్యం నెరవేరితే కోటి డాబాల మీద ఎండలోనూ వానలోనూ ఏదో ఒక రకం కేబుల్ పాతికేళ్ళపాటు పడి ఉంటుంది.

ఇన్వర్టర్ పాడైతే మారుస్తారు. అది గోడకు బిగించిన పెట్టె కాబట్టి పూటలో పని అయిపోతుంది. ప్యానెల్ పగిలితే కంటికి కనిపిస్తుంది. కేబుల్ అలా కాదు. ప్యానెళ్ళ కింద, పైపుల లోపల, గోడ వెంబడి దాగి ఉంటుంది. పాడవుతున్న సంగతి చాలా ఏళ్ళపాటు చెప్పదు, చెప్పే రోజున మాత్రం నిప్పురవ్వతో చెప్పే ప్రమాదం ఉంది. అందుకే దాని ఆయుష్షు దేనితో ముడిపడి ఉందో తెలుసుకోవడం సోలార్ పెట్టించుకున్న ప్రతి ఇంటికీ అవసరం. కేబుల్ మీద చెప్పే పాతికేళ్ళ లెక్క ప్రయోగశాలలో తీసిన అంచనా. ఒకే చుట్టలోంచి కోసిన రెండు ముక్కల్లో ఒకటి ఒక ఇంటి మీద నిండు ఆయుష్షు బతకవచ్చు, రెండోది పక్కింటి మీద పదేళ్ళు తిరగకుండానే పెళుసుబారవచ్చు. తేడా తెచ్చేది అది పడి ఉన్న చోటు, దాన్ని కట్టిన తీరు.

ఒకటిన్నర మిల్లీమీటర్ల గోడ

ప్యానెల్ నుంచి వచ్చే డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటును మోసే సోలార్ కేబుల్‌ను అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సన్నని రాగి పోగులు కనిపిస్తాయి. ఎర్రగా ఉండవు, వెండి రంగులో ఉంటాయి. ప్రతి పోగుకూ తగరం పూత ఉంటుంది. పోగుల చుట్టూ ఇన్సులేషన్, దాని మీద పై తొడుగు. ఇళ్ళ మీద ఎక్కువగా వాడే 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు యూరప్ ప్రమాణం ఈఎన్ 50618 ప్రకారం ఇన్సులేషన్ మందం 0.7 మిల్లీమీటర్లు, తొడుగు మందం 0.8 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే ఒకటిన్నర. మూడు కిలోవాట్ల ఇంట్లో సుమారు 300 వోల్టుల డీసీ, కర్నూలు సోలార్ పార్కు లాంటి పెద్ద క్షేత్రాల్లో 1000 నుంచి 1500 వోల్టుల డీసీ బయటికి రాకుండా ఆపేది ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోడే. అంతర్జాతీయంగా ఐఈసీ 62930, మన దేశంలో ఐఎస్ 17293:2020 ఈ కేబుళ్ళకు వర్తించే ప్రమాణాలు.

ఆ ప్లాస్టిక్ ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఇంటి గోడల్లో నడిపే మామూలు వైరుకు పీవీసీ తొడుగు ఉంటుంది. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. నీళ్ళ పైపు ఎంత గట్టిగా ఉంటుందో అందరికీ తెలుసు. అలాంటి దాన్ని వంగే తీగ తొడుగుగా మార్చడానికి అందులో నూనెలాంటి మెత్తదనపు పదార్థాలు కలుపుతారు. ఎండకూ వేడికీ ఆ నూనె కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, తొడుగు తిరిగి తన సహజ గుణానికి, అంటే పెళుసుదనానికి చేరుకుంటుంది. దానికితోడు పీవీసీ వేడికి విరిగేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. ఆ ఆమ్లం మిగిలిన పీవీసీ విరగడాన్ని ఇంకా తొందరపెడుతుంది, రాగిని కూడా తింటుంది.

సోలార్ కేబుల్‌లో వాడేది పాలిఎథిలీన్ కుటుంబానికి చెందిన ప్లాస్టిక్. దాని పొడవాటి అణు గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తారు. ఎలక్ట్రాన్ కిరణాల కింద కేబుల్‌ను నడిపించి ఈ ముడులు వేయడం ఒక పద్ధతి, సిలేన్ అనే రసాయనం కలిపి తేమతో ముడిపడేలా చేయడం మరొకటి. ముడులు లేని ప్లాస్టిక్ విడివిడి దారాల కుప్ప అనుకుంటే, ముడులు పడినది వల. దారాల కుప్ప వేడికి కరిగి జారిపోతుంది. వల మెత్తబడుతుందే తప్ప కారిపోదు. నిజమైన సోలార్ కేబుల్ తొడుగు మీద వేడి సోల్డరింగ్ ఐరన్ మొన ఆనిస్తే గుంట పడుతుంది గానీ మైనంలా కరిగి అంటుకోదు. పీవీసీ అయితే వెంటనే కరిగి, ముక్కును మండించే ఘాటు వాసన వస్తుంది. కేబుల్ బిగించక ముందు కోసి పడేసే తునక మీద ఎవరైనా చేసి చూడగలిగిన పరీక్ష ఇది.

వేడి లెక్క

తీగలో కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది, ఆ వేడికే తొడుగు పాడవుతుందని సాధారణంగా అనుకుంటారు. సోలార్ విషయంలో ఈ అంచనా చాలావరకు తప్పు. ఈఎన్ 50618 పట్టిక ప్రకారం, చుట్టూ గాలి 60 డిగ్రీలు ఉన్నప్పుడు 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఒంటరిగా గాలిలో వేలాడుతూ 55 ఆంపియర్లు మోస్తే లోపలి రాగి 120 డిగ్రీలకు చేరుతుంది. అంటే కరెంటు వల్ల పెరిగేది 60 డిగ్రీలు. ఇంటి మీద ప్యానెళ్ళ వరుసలో పారేది సుమారు 13 ఆంపియర్లే. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది కాబట్టి లెక్క వేస్తే ఇక్కడ పెరుగుదల దాదాపు మూడున్నర డిగ్రీలు మాత్రమే. పది తీగలను ఒకే పైపులో కుక్కితే కొంత ఎక్కువ ఉంటుంది. అయినా కేబుల్‌ను అసలు కాల్చేది కరెంటు కాదని తేలిపోతుంది.

మరి వేడి ఎక్కడిది? పైకప్పుది, ప్యానెల్‌ది. గాలి 20 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 800 వాట్లు ఉన్నప్పుడు మామూలు ప్యానెల్ సుమారు 45 డిగ్రీలకు చేరుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి, 1000 వాట్ల ఎండ అనుకుని అదే నిష్పత్తిలో లెక్కిస్తే ప్యానెల్ 74 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని వెనుక తగిలి ఉన్న కేబుల్ కూడా అంతే. స్లాబు మీద నేరుగా ఎండలో పరచిన నల్ల కేబుల్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చెప్పులు లేకుండా ఆ వేళ డాబా మీద నాలుగడుగులు వేసిన ఎవరికైనా అది తెలుసు. 70 డిగ్రీల పరిమితితో తయారైన మామూలు పీవీసీ వైరును అక్కడ వాడితే, కరెంటు పారకముందే ఎండ దాన్ని హద్దు దాటిస్తుంది.

సరైన కేబుల్‌కు మాత్రం ఇక్కడ పెద్ద వెసులుబాటు ఉంది. ప్రమాణం ప్రకారం అది మామూలుగా 90 డిగ్రీల దగ్గర పనిచేయాలి, 120 డిగ్రీల దగ్గర మొత్తం 20,000 గంటలు తట్టుకోవాలి. 20,000 గంటలంటే రెండేళ్ళ మూడు నెలలు. రసాయన చర్యల వేగానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంతే అర్హేనియస్ 1889లో సూత్రీకరించారు. దాని నుంచి ఇంజినీర్లు తీసుకున్న ముతక లెక్క ఒకటుంది: వేడి పది డిగ్రీలు తగ్గితే ప్లాస్టిక్ ఆయుష్షు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 120 దగ్గర 20,000 గంటలు బతికేది 90 దగ్గర 1,60,000 గంటలు, అంటే రాత్రింబవళ్ళు ఆగకుండా పద్దెనిమిదేళ్ళు బతుకుతుంది. మన డాబా మీద కేబుల్ 90కి చేరేది ఎప్పుడో గానీ లేదు, 70 దాటేదీ వేసవి మధ్యాహ్నాల్లో కొన్ని గంటలే, రాత్రంతా చల్లబడుతుంది. పాతికేళ్ళ అంచనా పుట్టింది ఇలాంటి లెక్కల నుంచే. వేడి ఒక్కటే శత్రువైతే మంచి కేబుల్ పాతికేళ్ళు సునాయాసంగా దాటుతుంది.

అయితే ఈ లెక్కను మరీ గట్టిగా పట్టుకోకూడదు. పాలిఎథిలీన్ రకం ప్లాస్టిక్‌లో చిన్న చిన్న స్ఫటికాలు ఉంటాయి, అవి సుమారు 110 డిగ్రీల దగ్గర కరుగుతాయి. 120, 150 డిగ్రీల ఓవెన్‌లో పరీక్షించినది స్ఫటికాలు కరిగిపోయిన పదార్థం, డాబా మీద ఉన్నది స్ఫటికాలున్న పదార్థం. ఒకదాని ఆయుష్షు నుంచి రెండోదాని ఆయుష్షును గీత గీసి చెప్పడంలో కొంత ఊహ తప్పదు. పైగా ఓవెన్ వేడికి ప్లాస్టిక్ పై పొర వేగంగా ఆక్సీకరణం చెంది, ఆక్సిజన్ లోపలికి దిగకముందే అక్కడే ఖర్చయిపోతుంది. డాబా మీద తక్కువ వేడిలో ఆక్సిజన్ నెమ్మదిగా లోతుకు దిగుతుంది. ఓవెన్‌లో కనిపించిన ముదురుదనం, ఏళ్ళ తరబడి వచ్చే ముదురుదనం అచ్చు ఒకేలా ఉండవు.

గాదె ఖాళీ అయ్యే రోజు

ప్లాస్టిక్ ముదరడం అంటే ఆక్సిజన్ దాని అణు గొలుసులను కొరకడం. వేడో ఎండో ఒక బంధాన్ని తెంపుతుంది, తెగిన చోట ఆక్సిజన్ వచ్చి చేరుతుంది, అక్కడి నుంచి పక్క గొలుసు కూడా దెబ్బతింటుంది. ఈ వరుస దెబ్బలను ఆపడానికి తయారీలో ఆక్సీకరణ నిరోధకాలు కలుపుతారు. తెగిన గొలుసు పక్కదాన్ని పట్టుకోకముందే ఈ నిరోధకం అడ్డుపడి, తాను ఖర్చయిపోతుంది. గాదెలో గింజలున్నంత కాలం ఇంట్లో కరువు తెలియనట్టే, నిరోధకం ఉన్నంత కాలం కేబుల్‌లో పైకి ఏ మార్పూ కనిపించదు. వంచితే వంగుతుంది, లాగితే సాగుతుంది. గాదె ఖాళీ అయ్యాక మాత్రం పతనం వేగంగా ఉంటుంది. ‘పదేళ్ళ నుంచి ఏమీ కాలేదు కదా’ అన్న ధీమా అందుకే ప్రమాదకరం. పదేళ్ళు ఏమీ కాకపోవడం మరో పదేళ్ళకు హామీ ఇవ్వదు.

తయారీదారు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే కోత పడేది కూడా ఇలాంటి చోటే. రాగి తగ్గిస్తే తూకంలో తెలుస్తుంది. నిరోధకం తగ్గిస్తే కొనేవాడికి తెలిసే దారి లేదు. కొత్త కేబుల్ తళతళలాడుతూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో జరిగింది దీనికి గట్టి ఉదాహరణ. 2010 నుంచి 2013 వరకు అమ్మిన ఒక దిగుమతి కేబుల్ ఇన్సులేషన్ ముందుగానే పెళుసుబారుతుందని తేలడంతో 2014లో దాన్ని దేశవ్యాప్తంగా వెనక్కి పిలిపించారు. అప్పటికే అది సుమారు 40,000 ఇళ్ళు, వ్యాపార భవనాల గోడల్లోకి, అటకల్లోకి వెళ్ళిపోయింది. అది మామూలు ఇంటి వైరింగ్ కేబుల్, సోలార్‌ది కాదు. కానీ నేర్పే పాఠం సోలార్‌కే ఎక్కువ అవసరం, ఎందుకంటే సోలార్ కేబుల్‌కు గోడ నీడ కూడా ఉండదు.

రాగి మీద తగరం పూతకు ఉన్న ఒక పని ఇక్కడే చెప్పుకోవాలి. పూత ఉంటే టంకం బాగా పడుతుందనీ, ఉప్పు గాలికి చిలుము పట్టదనీ అంటారు. రెండూ నిజమే. వాటితోపాటు, వట్టి రాగి పాలిఎథిలీన్ లాంటి ప్లాస్టిక్ ఆక్సీకరణాన్ని వేగపరుస్తుంది. రాగి అయాన్లు ఇన్సులేషన్‌లోకి చేరితే నిరోధకం త్వరగా ఖర్చవుతుంది. తగరం ఆ రెంటి మధ్య తడికలా నిలబడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో పూత లేని రాగితో పని కానిస్తే నష్టం రెండు వైపులా ఉంటుంది. పోగుల మధ్య సందుల్లోంచి తేమ పాకి, రెండు కేబుళ్ళను కలిపే కనెక్టర్ నుంచి అడుగుల దూరం లోపలికి నల్లగా చిలుము పట్టడం, బయట తొడుగు నిక్షేపంగా కనిపించడం ఒకేసారి జరుగుతాయి.

ఎండ

బట్టలారేసే నైలాన్ తాడు మూడు నాలుగేళ్ళకు చేతికి తెల్లటి పొడి అంటుతూ పుటుక్కున తెగిపోవడం ప్రతి ఇంట్లో చూసిందే. అదే డాబా మీద నల్లని నీళ్ళ ట్యాంకు మాత్రం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నలుపులో ఉన్న రహస్యం కార్బన్ బ్లాక్. ఆముదం దీపపు మసి పట్టి కాటుక చేసేవారు కదా, దాదాపు ఆ జాతి పదార్థమే. ప్లాస్టిక్‌లో రెండు, రెండున్నర శాతం కార్బన్ బ్లాక్ సన్నగా, సమంగా కలిస్తే అతినీల లోహిత కిరణాలు పై పొర దాటి లోపలికి పోలేవు. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన రక్షణ మరొకటి లేదు.

అందుకే ఎర్ర కేబుల్ విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. పాజిటివ్ తీగను గుర్తుపట్టడానికి చాలామంది ఎర్ర తొడుగు కోరుకుంటారు. ఎరుపులో కార్బన్ బ్లాక్ కలపడానికి వీలు లేదు, కలిపితే నల్లబడుతుంది. దాని బదులు వేరే రసాయనాలు వాడతారు. మంచి తయారీదారు వాటితోనూ పరీక్ష గట్టెక్కిస్తాడు గానీ, ఆ రసాయనాలు కాలంతోపాటు తరుగుతాయి. ఎర్ర కేబుల్ గులాబీ రంగుకు తిరిగిందంటే కనీసం రంగు ఓడిపోయిందని అర్థం. రెండు తీగలూ నల్లవే వేసి, కొసల దగ్గర ఎర్ర గుర్తు పెట్టుకోవడం మేలైన పద్ధతి. ఎర్రది వేయక తప్పకపోతే కనీసం ప్యానెళ్ళ నీడలో, పైపు లోపల ఉండేలా చూడాలి.

కేబుల్ కంటే ముందు ఎండకు లొంగిపోయేది దాన్ని కట్టిన ప్లాస్టిక్ టై. ఇది రూపాయి వస్తువు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ సోలార్ కేబుళ్ళ కష్టాల్లో చాలా వాటికి ఇక్కడే మొదలు. తెల్ల నైలాన్ టై కొద్ది ఏళ్ళలోనే పెళుసుబారి తెగుతుంది. అది తెగగానే కేబుల్ కిందికి జారి వేలాడుతుంది. గాలి వీచినప్పుడల్లా ఊగుతూ ప్యానెల్ ఫ్రేము అంచుకో జీఐ (జింకు పూత పూసిన ఇనుము) ఛానెల్ కోసిన కొసకో రాసుకుంటుంది. ఆ అంచును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కట్టర్‌తో కోసి ఆకురాయి పెట్టకుండా వదిలేసిన ఇనుము అంచు మీద రంపపు పళ్ళ లాంటి మొనలు ఉంటాయి. కేబుల్ దాని మీద రోజుకు కొన్ని వందల సార్లు అటూ ఇటూ కదులుతుంది. ముందు తొడుగు మీద మెరిసే గీత, తర్వాత గాడి, ఆ తర్వాత గాడి అడుగున వేరే రంగు ఇన్సులేషన్. ఒకటిన్నర మిల్లీమీటర్లలో 0.8 అప్పటికే పోయిందన్న మాట. ఇనుము ఫ్రేముకు ఎర్తింగ్ ఉంటుంది కాబట్టి మిగిలిన 0.7 కూడా అరిగిన రోజున కరెంటు నేరుగా దానిలోకి దిగుతుంది. ఏ అర్హేనియస్ లెక్కా ఈ ఊగిసలాటను పట్టించుకోదు. స్టీలు క్లిప్పులు, తొడుగు వేసిన లోహపు టైలు, అంచులకు రబ్బరు పట్టీలు వాడితే ఈ సమస్య మొత్తం తప్పిపోతుంది, ఖర్చు కొన్ని వందల రూపాయలు.

నీళ్ళు

ప్యానెళ్ళ దగ్గర నుంచి గోడ దిగేదాకా కేబుళ్ళను పైపులో నడపడం మంచి అలవాటే. పైపును నడిపే తీరులోనే తప్పు జరుగుతుంది. డాబా మీద అడ్డంగా పరచిన పైపు మధ్యలో కొంచెం కుంగితే అక్కడ వాన నీరు నిలుస్తుంది. పైపు రెండు కొసలూ మూసేసినా, పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమ గాలిని లోపలికి పీలుస్తుంది. అలా పీల్చిన తేమ నీటి బొట్లుగా మారి అడుగున చేరుతుంది. కేబుల్ ఏళ్ళ తరబడి గోరువెచ్చని నీళ్ళలో నానుతూ ఉంటుంది. ప్రమాణంలో నీటి పరీక్ష లేకపోలేదు. 85 డిగ్రీల ఉప్పు నీటిలో ముంచి 1800 వోల్టుల డీసీ పెట్టి 240 గంటలు చూస్తారు. అయితే 240 గంటలంటే పది రోజులు. పది రోజులు గట్టెక్కిన కేబుల్ పదేళ్ళు నీళ్ళలో నానుతూ బాగుంటుందని ఆ పరీక్ష చెప్పడం లేదు.

మంట అంటుకోకుండా ఉండటానికి ఈ తొడుగుల్లో అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటి ఖనిజపు పొడిని భారీగా కలుపుతారు. క్లోరిన్ లేకుండా మంటను ఆపే ప్రధాన మార్గం అదే. వేడికి ఆ పొడి నీటి ఆవిరిని వదిలి మంటను చల్లారుస్తుంది. దాని వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఖనిజానికి నీటి మీద ఇష్టం, ప్లాస్టిక్‌కు నీరు పడదు. రెంటి మధ్య అతుకు సరిగా లేకపోతే ఆ సందుల్లోంచి తేమ లోపలికి పాకుతుంది, ఇన్సులేషన్ నిరోధం, అంటే కరెంటును ఆపే శక్తి తగ్గుతుంది. పైపు కుంగిన చోట అడుగున చిన్న రంధ్రం వేసి నీరు పోయేలా చేయడం, పైపును ఇటుక ముక్కల మీద కాక సరైన ఆనుల మీద వాలుగా నడపడం ఇంజినీరింగ్ పుస్తకం అక్కర్లేని పనులు.

నీటి మీదే వెలసిన క్షేత్రాల సంగతి ఇంకో మెట్టు పైది. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం 2022లో పూర్తిగా పనిలోకి వచ్చింది. దానికి ముందు ఏడాది విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్లది మొదలైంది. ఇలాంటి చోట నీటి చల్లదనం కేబుల్‌కు మేలే చేస్తుంది. కానీ నిరంతర తేమ, కింది నుంచి కూడా కొట్టే ఎండ కాంతి, అలలకు తెప్పలు కదిలినప్పుడల్లా వంగి లేవడం, కేబుల్ వీటన్నిటినీ ఒకేసారి తట్టుకోవాలి. అక్కడ సాధారణ డాబా కేబుల్ సరిపోతుందనుకోవడం తప్పు. నీటికోసం విడిగా పరీక్షించిన కేబుల్, కదలికకు చాలినంత వదులు రెండూ కావాలి.

బొటనవేలంత చోట మంట

కేబుల్ గొలుసులో అన్నిటికంటే బలహీనమైన కణుపు కనెక్టర్. ఎంసీ4 పేరుతో అందరూ పిలిచే ఈ జత సరిగా కలిసినప్పుడు దాని నిరోధం మిల్లీ ఓమ్‌లో మూడో వంతు లోపే. 13 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి వాటులో పదో వంతు కూడా ఉండదు. రాగి కొసను లోహపు పిన్నులో నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్టు లేక కటింగ్ ప్లేయరుతో నొక్కేసిన కనెక్టర్, లేదా ఒక కంపెనీ మగ భాగాన్ని మరో కంపెనీ ఆడ భాగంలోకి దూర్చిన కనెక్టర్ కూడా మొదటి రోజు చక్కగా పనిచేస్తుంది. కానీ ఎండకూ చలికీ లోహం సాగి ముడుచుకుంటూ, సందులో తేమ చేరుతూ ఏళ్ళు గడిచేకొద్దీ నిరోధం పెరుగుతుంది. అది 100 మిల్లీ ఓమ్‌లకు చేరితే అదే 13 ఆంపియర్లకు పుట్టే వేడి 17 వాట్లు. బొటనవేలంత ప్లాస్టిక్ డొప్పలో సోల్డరింగ్ ఐరన్‌కు దగ్గరి వేడి అన్న మాట. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, మీటరు తిరుగుతూనే ఉంటుంది, డొప్ప మాత్రం లోపల్లోపల కమిలిపోతుంది.

ఇక్కడ డీసీ స్వభావం ప్రమాదాన్ని పెంచుతుంది. ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది, కాబట్టి నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే అవకాశం దొరుకుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఒకసారి రాజుకున్న ఆర్క్, అంటే గాలిలో ఆగకుండా దూకే కరెంటు మంట, ప్లాస్టిక్‌నూ లోహాన్నీ తింటూ నిలబడుతుంది. అందుకే కరెంటు పారుతుండగా కనెక్టర్ ఊడదీయడం ఎవరూ చేయకూడని పని. ఇన్వర్టర్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ళలో వోల్టేజీ ఉంటుందన్న సంగతి కూడా మరవకూడదు.

తొడుగు ముడుచుకుపోవడం ఈ మధ్య వెలుగులోకి వచ్చిన మరో సమస్య. తయారీలో ప్లాస్టిక్‌ను వేగంగా లాగి చల్లబరిస్తే అందులో ఒక బిగువు మిగిలిపోతుంది. ఎండ వేడికి ఆ బిగువు సడలినప్పుడు తొడుగు పొడవు తగ్గి, కనెక్టర్ దగ్గర రాగి బయటపడుతుంది. అమెరికాలో పెద్ద సోలార్ క్షేత్రాల్లో ఈ లోపం బయటపడి 2023లో వ్యవహారం కోర్టుకెక్కింది. వేడినీ ఎండనూ తట్టుకోవడం ఒక్కటే మన్నిక కాదని దీనివల్ల తేలింది.

ఎలుకలు, ఉడుతలు, కోతుల గురించి ప్రమాణాలు పెద్దగా మాట్లాడవు. మన ఊళ్ళలో మాత్రం కోతులు ప్యానెళ్ళ మీద గెంతి వేలాడే కేబుల్‌ను పట్టి లాగడం మామూలే. క్షేత్రాల్లో గడ్డి కోసే యంత్రం కేబుల్‌ను తెంచడం, వేసవిలో ఎండు గడ్డికి నిప్పంటుకోవడం కూడా కేబుల్ ఆయుష్షును తేల్చే విషయాలే. 2017లో పనిలోకి వచ్చిన కర్నూలు పార్కు లాంటి చోట వేల ఎకరాల్లో పరచిన తీగలకు గడ్డి కోత వేళలు, పద్ధతులు కూడా మన్నికలో భాగం.

ఎలా కనిపెట్టాలి

ముదిరిన కేబుల్ ఇచ్చే మొదటి సంకేతం ఇన్వర్టర్ తెర మీద వస్తుంది. రాత్రి వాన కురిసో మంచు పడో తడిసిన తెల్లవారి ఇన్వర్టర్ మొరాయిస్తుంది, ఇన్సులేషన్ లోపమని చూపిస్తుంది. పది గంటలకు ఎండెక్కి అన్నీ ఆరగానే తనంతట తాను పనిచేస్తుంది. ‘మళ్ళీ బాగైంది’ అనుకుని వదిలేసేది ఇక్కడే. ఎక్కడో తొడుగో కనెక్టరో చిట్లిందనీ, తడి ఉన్నప్పుడు కరెంటు అక్కడి నుంచి ఇనుములోకి కారుతోందనీ ఇంతకంటే స్పష్టంగా ఏ యంత్రమూ చెప్పదు. ఆ హెచ్చరికను రీసెట్ బటన్‌తో మాయం చేసే ఎలక్ట్రీషియన్ ఇంటికి మేలు చేయడం లేదు.

కంటితో చూసేవి కొన్ని ఉన్నాయి. తొడుగు మీద వేలితో రాస్తే తెల్లటి పొడి రావడం, వంపు తిరిగిన చోట బయటి వైపు వెంట్రుక వాసి బీటలు, కనెక్టర్ డొప్ప రంగు మారడం. ఇవి చూడటానికి ఏడాదికి ఒకసారి, వేసవి ముగిశాక వానలకు ముందు, ఉదయం పూట డాబా ఎక్కితే చాలు, దేన్నీ ముట్టుకోనక్కరలేదు. కొలిచి చూసేది మెగ్గర్ పరీక్ష, అంటే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరీక్ష. తెలిసిన టెక్నీషియన్ వ్యవస్థను ఆపి, 120 నుంచి 500 వోల్టుల వ్యవస్థకు 500 వోల్టులు, ఆపైన 1000 వోల్టుల దాకా ఉన్నదానికి 1000 వోల్టులు పెట్టి చూస్తాడు. ఒక మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు) కంటే తక్కువ వస్తే కేబుల్ ఆ పరీక్ష తప్పినట్టే. ఒక ఏడాది అంకె కంటే నాలుగేళ్ళ అంకెలు పక్కపక్కన ఉంటే ఎక్కువ సంగతి తెలుస్తుంది. 200 మెగా ఓమ్‌లు ఉన్నది 40కి, అక్కడి నుంచి 8కి దిగిందంటే హద్దు దాటకపోయినా గాదె ఖాళీ అవుతోందన్న మాట. బిగించిన రోజే తడి లేని వేళ ఒకసారి, మొదటి వానాకాలంలో ఒకసారి కొలిచి ఆ కాగితాన్ని ప్యానెళ్ళ వారంటీ కాగితాలతో కలిపి దాచడం మంచిది.

ప్రయోగశాలల్లో కేబుల్ వయసును కొలిచేది సాగదీసి. కొత్త తొడుగు తెగేలోపు కనీసం తన పొడవుకు ఒకటింబావు రెట్లు అదనంగా సాగాలి. ముదిరేకొద్దీ ఆ సాగుడు తగ్గుతూ, సగం పొడవుకు మించి సాగలేని స్థితికి వస్తే ఆయుష్షు తీరినట్టు లెక్క. ఇంటి కేబుల్‌ను ఎవరూ అలా తెంపి చూడలేరు. కానీ ఒక అవకాశం దానంతట అదే వస్తుంది. పది, పన్నెండేళ్ళకు ఇన్వర్టర్ మార్చేటప్పుడు కొత్త పెట్టెకు కలపడానికి కేబుల్ కొసలు ఎలాగూ కోస్తారు. ఎండ తగిలిన చోటి నుంచి ఒకటి, నీడలో ఉన్న చోటి నుంచి ఒకటి, జానెడేసి ముక్కలు తీసి రెంటినీ పెన్సిల్ చుట్టూ గట్టిగా చుట్టి చూడమని టెక్నీషియన్‌ను అడగవచ్చు. నీడ ముక్క నున్నగా చుట్టుకుని ఎండ ముక్క మీద బీటలు విచ్చుకుంటే, ఆ రోజే డాబా మీది కేబుల్ మొత్తం మార్పించాలి. పనివాళ్ళు ఎలాగూ వచ్చి ఉంటారు, నిచ్చెన వేసే ఉంటుంది.